రెండో చెత్తబుట్ట

ఆ లాండ్రీలో వదిన చెయ్యి పడకుండా ఒక్క బట్ట కూడా మెషిన్‌లోకి వెళ్ళదు. చొక్కా జేబు, ప్యాంటు వెనక జేబు, కోటు లోపలి జేబు, ఆ లోపలి జేబు పక్కన దర్జీలు గుట్టుగా కుట్టే బుల్లి జేబు, అన్నీ తిప్పి చూస్తేగానీ ఆవిడకి తృప్తి ఉండదు. తాళాలు, పెన్నులు, ప్రేమలేఖలు, ఒకసారి ఒక పెద్దమనిషి కట్టుడు పళ్ళు కూడా అలాగే దొరికాయి. వాటిని కాగితంలో చుట్టి ఇస్తే ఆయన అక్కడికక్కడే నోట్లో పెట్టుకుని థాంక్స్ చెప్పి వెళ్ళాడు.

ఎవరికి వదిన అని అడిగితే, నిజానికి ఒక్కడికే. మరిదికి. అతను రోజుకి వందసార్లు "వదినా" అని కేకేస్తుంటే ఆ పిలుపు వీధి మొత్తానికీ అంటుకుంది. ఎదురు హోటల్ మేనేజరు తల ముగ్గుబుట్టయినవాడు, అతనూ వదినే అంటాడు. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి మరిది ఇంకా బడికి పోతున్నాడు, తల్లి లేదు. తల దువ్విందీ, అన్నం తినిపించిందీ, లెక్కల్లో సున్నా వచ్చినప్పుడు అన్నకి తెలియకుండా దాచిందీ వదినే. తనకి పిల్లలు పుట్టలేదు. పుట్టలేదన్న లోటు ఆవిడకి పెద్దగా తెలియలేదంటే ఆ పుణ్యమంతా ఈ మరిదిదే.

అతన్ని అందరూ ఈలబాబు అనేవారు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడితే ఆవిరి బుస్సుమన్నప్పుడల్లా దానికి తగ్గట్టు ఈల వేసేవాడు. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు రసీదు చేతిలో పట్టుకుని, పాట అయ్యేదాకా ఆగేవాళ్ళు. రెండేళ్ళ కిందట ముందు ఆ ఈల పోయింది. జలుబేమో అనుకున్నారు. తరవాత మెట్లెక్కితే ఆయాసం, ఆ తరవాత చొక్కా గుండీలు పెట్టుకుంటే ఆయాసం. ఊపిరితిత్తులు లోపల గట్టిపడిపోతున్నాయని డాక్టరు చెప్పింది. ఎందుకు అని అడిగితే తెలీదంది, మందు ఏమిటని అడిగితే తల అడ్డంగా ఊపింది.

ముప్పైమూడేళ్ళవాడు లాండ్రీ మీది గదిలో మంచానికి అతుక్కుపోయాడు. ముక్కుకి గొట్టం, పక్కన గుర్రుమంటూ ఆక్సిజన్ మెషిన్. ఊరికే పడుకోవడం తన వల్ల కాదని పోట్లాడి, హోటల్ వాళ్ళ చేతిగుడ్డలు మడతపెట్టే పని మాత్రం పైకి తెప్పించుకున్నాడు. పది మడతలు పెట్టి కాసేపు ఆగడం, మళ్ళీ పది పెట్టడం. వదిన పైకి వెళ్ళినప్పుడల్లా "ఏం వదినా, జీతం పెంచవా?" అని అడిగేవాడు. "ముందు ఆ అంచులు సరిగ్గా కలుపు, తరవాత చూద్దాం" అనేది ఆవిడ.

ఒక్కటే ఆశ ఉండేది. ఒక రోజంతా రైల్లో ప్రయాణం చేస్తే వచ్చే మహానగరంలో ఒక పెద్ద పరిశోధన ఆసుపత్రి ఉంది. ఈ జబ్బుకి అక్కడ కొత్త మందు పరీక్షిస్తున్నారు. నెలకో సూది. పోయిన ఊపిరి తిరిగి రాదుగానీ ఉన్నది అక్కడే ఆగుతుంది. ముందు విడతలో సూదులు తీసుకున్నవాళ్ళు లేచి తిరుగుతున్నారని డాక్టరు చెప్పింది. కొద్దిమందినే తీసుకుంటారు. గొట్టంలోకి ఊది చూపించాలి, ఆ ఊదుడు ఫలానా గీత దాటాలి. ఈలబాబు ఊదితే గీత మీద బొటాబొటిగా తేలింది. తేలింది కదా చాలనుకున్నారు.

దరఖాస్తు వదినే నింపింది. లాండ్రీకి ఉన్న మెయిల్ అడ్రసే ఇచ్చింది. చివర్లో ఎర్రక్షరాలతో రాసి ఉంది: సమాచారమంతా మెయిల్ ద్వారానే, దయచేసి ఫోన్ చేయవద్దు, ఎంపికైనవారికి మాత్రమే రాస్తాం. వదినకి రాసిపెట్టిన రూలంటే రూలే. "మెత్తటి బట్టని వేడినీళ్ళలో వెయ్యొద్దు" అని చీటీ ఉంటే ప్రాణం పోయినా వెయ్యని మనిషి ఆవిడ. ఫోన్ చెయ్యొద్దన్నారు కాబట్టి చెయ్యలేదు.

"నువ్వు నిశ్చింతగా ఉండు, మెయిల్ సంగతి నేను చూసుకుంటా" అని మరిదికి మాటిచ్చింది.

చూసుకుంది కూడా. కళ్ళలో ఒత్తులు వేసుకుని చూసింది. పొద్దున షట్టరు ఎత్తగానే టీ కూడా ముట్టకుండా కౌంటరు మీది కంప్యూటర్ పెట్టేది. ఆ మెయిల్ ప్రోగ్రాంలో 'తీసుకురా' అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే గీత కదిలి, హోటళ్ళ ఆర్డర్లూ సబ్బుపొడి కంపెనీల ధరల పట్టికలూ వచ్చి పడేవి. అవి చూశాక ఆగేది కాదు. పక్కనే 'చెత్త' అని ఒక ఫోల్డర్ ఉంటుంది. మంచి ఉత్తరాలు ఒక్కోసారి పొరపాటున చెత్తలో పడతాయని ఎవరో చెప్పగా విని, అది కూడా తెరిచి అడుగంటా వెతికేది. జుట్టు మొలిపించే నూనె, లాటరీ, వారంలో ఒళ్ళు తగ్గించే మాత్ర, ఇలాంటివి రోజుకి రెండో మూడో ఉండేవి. వాటిని కూడా మొదలంటా చదివి మరీ తుడిచేది. తన జేబుల వెతుకులాటే ఇక్కడా. ఆవిడ దగ్గర ఉన్న జేబులన్నీ ఆవిడ వెతికింది. అందులో ఆవిడ్ని ఒక్క మాట అనడానికి లేదు.

సాయంత్రం మెట్లెక్కగానే మంచం మీంచి ప్రశ్న వచ్చేది.

"వచ్చిందా?"

"ఇంకా లేదురా. పెద్ద ఆసుపత్రి కదా, వందలమంది కాగితాలు చూడాలి."

"నా కాగితం మీద టీ ఒలికిందేమో."

"నీకన్నీ వేళాకోళాలే."

కొన్నాళ్ళకి ఆ జవాబు పాతబడింది. చెట్ల ఆకులు రాలడం మొదలైంది, అయినా ఉలుకూ పలుకూ లేదు. వదిన మర్యాదగా ఒక మెయిల్ రాసింది: మా దరఖాస్తు అందిందా అని. జవాబు లేదు. ఇంకో రెండు వారాలాగి మళ్ళీ రాసింది. దానికీ లేదు. డాక్టర్ని అడిగితే ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఎంపిక కానివాళ్ళకి రాయరమ్మా. రాలేదంటే... అదే అనుకోవాలి" అంది.

ఆ మాట విన్నాక ఈలబాబు పైకి నవ్వాడుగానీ లోపల కుంగిపోయాడు. మడతపెట్టిన గుడ్డని ఒళ్ళో పెట్టుకుని, "చిరుగుపట్టిన బట్టని మనం తీసుకుంటామా వదినా? ఉతికితే మన చేతిలోనే పోతుందని తిప్పి పంపేస్తాం. వాళ్ళూ అంతే. ఈ ఊపిరితిత్తులు చూసి, వీడు మన చేతిలో పోయేలా ఉన్నాడనుకుని ఉంటారు" అన్నాడు.

"నోరు ముయ్యి" అంది వదిన. అతని ఒళ్ళో గుడ్డ తీసి తనే మళ్ళీ మడతపెట్టింది.

ఒకరోజు అతను ఇంకో మాట కూడా అన్నాడు. "వదినా, మన మెయిల్ కంపెనీవాళ్ళ వెబ్‌సైట్‌లోకి వెళ్ళి నేరుగా చూస్తే ఎలా ఉంటుంది? ఆ ప్రోగ్రాం పాతది కదా."

వదినకి చుర్రుమంది. ఇన్ని నెలలుగా కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నది తనైతే, మంచం మీంచి వీడు తప్పు పడుతున్నాడా? "నా కళ్ళమీద నమ్మకం లేకపోతే నువ్వే దిగొచ్చి చూసుకో" అంది. అనేశాక నాలుక కరుచుకుంది. మెట్లు దిగలేని మనిషితో అనాల్సిన మాటేనా అది? అతను మాత్రం రెండు చేతులూ ఎత్తి, "అమ్మో, నీ కళ్ళనంటే కళ్ళు పోతాయి" అని నవ్వేశాడు. దాంతో ఆ సంగతి అక్కడే ఆగిపోయింది. అసలు ఆ వెబ్‌సైట్ పాస్‌వర్డ్ వాళ్ళకి తెలీదు కూడా. చాలా ఏళ్ళ కిందట కంప్యూటర్ అమ్మినతనే అన్నీ పెట్టి ఇచ్చాడు. ఆ పెట్టడం కూడా వదిన మొగుడు చెప్పినట్టే పెట్టాడు. అప్పట్లో మెయిల్ పెట్టె నిండిపోయి ఒక హోటల్ ఆర్డరు వెనక్కి పోయిందని ఆయనకి కడుపు మండి, "మన ఉత్తరాలు మన ఇంట్లో ఉండాలి, ఊరివాళ్ళ అరుగు మీద కాదు. వచ్చినవన్నీ ఇక్కడికి తెచ్చి పడేసి అక్కడ ఊడ్చేసేలా పెట్టు" అన్నాడు. అలాగే పెట్టాడు. ఆ తరవాత ఒక్క ఆర్డరు కూడా పోలేదు. ఆ ఏర్పాటు గురించి ఆయన అప్పుడప్పుడు గొప్పలు కూడా చెప్పుకునేవాడు.

చివరికి వదిన ఓర్పు చచ్చిపోయింది. ఒక మధ్యాహ్నం దగ్గుతున్న మరిది పెదాలు నీలంగా మారడం చూసి కిందకి వచ్చి, కౌంటరు దగ్గర నిలబడే మెయిల్ కొట్టింది. మీకు మనుషుల ప్రాణాలంటే లెక్కలేదు, కాదని ఒక్క ముక్క రాయడానికి మీ వేళ్ళు అరిగిపోతాయా, మా షాపులో ఒక్క చొక్కా వేసినవాడికి కూడా మేం జవాబు చెప్తాం, మీరు చదువుకున్నవాళ్ళు కదా. పంపించేశాక కాస్త తేలికపడింది. ఆసుపత్రిని మనసులోంచి కొట్టేసింది. ఇక ఎదురుచూడనని ఒట్టు కూడా పెట్టుకుంది. మర్నాడు పొద్దున మాత్రం 'తీసుకురా' నొక్కి, చెత్త ఫోల్డర్ తెరిచి, జుట్టునూనె ప్రకటన చదివింది.

మూడు వారాలు గడిచాక ఆ కంప్యూటర్ చచ్చిపోయింది. లాండ్రీలో గాల్లో ఎగిరే నూగంతా ఏళ్ళ తరబడి దాని ఫ్యాన్‌లో పేరుకుని దిండులా అయింది. బాగుచేసే అమ్మాయి వచ్చి మూత తీసి, "అక్కా, ఇందులోంచి ఒక స్వెట్టర్ అల్లొచ్చు" అంది. కొత్త మెషిన్ కొనక తప్పలేదు. మర్నాడు ఆ అమ్మాయే తెచ్చి బిగించింది. మెయిల్ కంపెనీకి ఫోన్ చేసి, షాపు కాగితాలు పంపించి, కొత్త పాస్‌వర్డ్ తెప్పించి, మెయిల్ కూడా పెట్టింది.

వదిన అప్పుడు దుప్పట్లు లెక్కపెట్టి మూట కడుతోంది. మొగుడు ఆరబెట్టే మెషిన్ జల్లెడ దులుపుతున్నాడు.

"అక్కా, ఇవి కూడా ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఏవి?"

"స్పామ్‌లో ఉన్నవి. బోలెడున్నాయి."

వదిన వచ్చి చూసింది. తెరకి ఎడమవైపు, తనెప్పుడూ చూడని ఒక పేరు, పక్కన నల్లగా ఒక పెద్ద అంకె. "చెత్త ఫోల్డరేగా? నేను రోజూ ఖాళీ చేస్తానే" అంది.

"అది వేరక్కా, ఇది వేరు. మీ పాత మెషిన్‌లో మెయిల్‌ని పాప్ అనే పద్ధతిలో పెట్టారు. అది పోస్టుమాన్ లాంటిదనుకోండి. కంపెనీవాళ్ళ దగ్గర ఇన్‌బాక్స్ అని ఒక డబ్బా ఉంటుంది. అందులో ఉన్నవి తెచ్చి మీ మెషిన్‌లో పడేసి, అక్కడ ఖాళీ చేసి పోతుంది. పక్కన ఇంకో డబ్బా ఉందని దానికి తెలీను కూడా తెలీదు. నేనిప్పుడు పెట్టింది ఐమ్యాప్. ఇది కిటికీ తెరిచినట్టు, అక్కడున్న డబ్బాలన్నీ చూపిస్తుంది."

"మరి నేను రోజూ చూసిన చెత్త?"

"అది మీ మెషిన్ సొంత చెత్తబుట్ట. ఇన్‌బాక్స్‌లోంచి ఇక్కడిదాకా వచ్చాక దానికి అనుమానం కలిగినవి అందులో వేసుకుంటుంది. కంపెనీవాళ్ళు ముందే అనుమానించి అక్కడే ఆపేసినవి మీదాకా రానేరావు. అవి చూడాలంటే ఇలాగో, వెబ్‌సైట్‌లోకి వెళ్ళో చూడాల్సిందే. అవి కూడా నెల దాటితే వాటంతటవే పోతాయి."

ఆ అమ్మాయి మామూలుగా, చేతిలో స్క్రూడ్రైవర్ తిప్పుకుంటూ చెప్పింది. వదిన మాత్రం తెర మీదికి వంగింది. "పేర్లు చూపించు. ఎవరెవరు రాశారో చూపించు" అంది.

నూనెలు, లాటరీలు, మాత్రలు. వాటి మధ్యలో ఆసుపత్రి పేరు.

ఒకటే ఉంది. తను కోపంగా రాసినదానికి జవాబు అది. కిందికి జరిపితే దాని తోకకి పాతవన్నీ వేలాడుతున్నాయి, ఒకదాని కింద ఒకటి. వదిన పైనుంచి చదవడం మొదలుపెట్టింది. మీ బాధ అర్థమైంది. మేము మీకు నాలుగుసార్లు రాశాం. మీ రెండు ఉత్తరాలకూ జవాబిచ్చాం. ఎంపికైనట్టు తెలిపాం, ఒప్పుకోలు పత్రం పంపమని గుర్తుచేశాం, గడువు కూడా ఒకసారి పొడిగించాం. మీ వైపునుంచి మాకు కావలసిన ఒప్పుకోలు రాలేదు. వేరే దారి లేక ఆ స్థానాన్ని తరవాతివారికి ఇచ్చాం. ఈ విడత మొదలైపోయింది. చాలా విచారిస్తున్నాం.

మొగుడు జల్లెడ పట్టుకునే వచ్చి వెనక నిలబడి చదివాడు. ఆయన మెల్లిగా చదువుతాడు, పెదాలు కదుపుతూ. చదవడం అయ్యాక జల్లెడ కౌంటరు మీద పెట్టాడు. "ఊడ్చేసేలా పెట్టమన్నది నేనే కదా" అన్నాడు.

"ఊడ్చినందుకు కాదులే. అది అసలు రానేలేదు" అంది వదిన. ఓదార్చాలని కాదు, ఉన్నమాటే అంది. తప్పు ఎవరిదో వెతికితే దొరికేదీ కాదు. ఏదో యంత్రానికి ఆసుపత్రి ఉత్తరం అనుమానంగా కనబడింది, ఇంకో యంత్రం తనకి చెప్పిన డబ్బా మాత్రమే చూసింది. ఎవరి పని వాళ్ళు శుభ్రంగా చేసుకుపోయారు. మధ్యలో పోయింది మాత్రం మనిషి. ఆవిడ మనసులో ఇంకొకటి కూడా తిరుగుతోంది, వెబ్‌సైట్‌లో చూద్దామా అని వాడు అడిగిన మాట. ఆరోజుకి గడువు ఇంకా దాటలేదు. ఆ సంగతి మొగుడికి చెప్పలేకపోయింది.

బాగుచేసే అమ్మాయికి ఏదో జరిగిందని అర్థమై, సామాను సంచీలో వేసుకుని, "రేపొస్తానక్కా" అని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది.

జన్మలో మొదటిసారి వదిన రాసిపెట్టిన రూలు తప్పింది. ఉత్తరం అడుగున ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. తీసినావిడే ఆ ఉత్తరాలు రాసింది. గొంతు మంచిదే. వదిన చెప్పిందంతా అడ్డం రాకుండా విని, "అయ్యో" అంది. పై అధికారి అయివుంటే అలా అనదు, అందుకే ఆ అయ్యో వదినకి ఎక్కడో తగిలింది.

"ఒక్కసారి ఫోన్ చేసి ఉంటే, అమ్మా! ఒక్కసారి!"

"మేం చెయ్యకూడదండీ. అందరికీ ఒకే పద్ధతి ఉండాలని... నేను అడిగాను కూడా. ఒప్పుకోలేదు." తరవాత ఆవిడే, "ఇంకో విడత వచ్చే ఏడు ఉంటుంది. ఆయన ఇప్పుడు ఊదితే ఎంత వస్తోంది?" అని అడిగింది.

వదిన చెప్పింది. అటువైపు కాగితాలు తిప్పుతున్న చప్పుడైంది.

"గీత తగ్గిస్తారా? వచ్చే ఏటికి?" అని అడిగింది వదిన.

"లేదండీ. ఇంకా పెంచుతారంటున్నారు."

ఫోన్ పెట్టేశాక వదిన దుప్పట్ల మూట మీద కూలబడింది. హోటల్ బండివాడు వచ్చి మూటలు అడిగితే లేచి ఇచ్చింది. సంతకం పెట్టమంటే పెట్టింది. ఏడుపు రాలేదు.

"వాడికి చెప్పకు" అన్నాడు మొగుడు. "రాలేదనే అనుకుంటున్నాడు కదా. అలాగే అనుకోనీ. ఇప్పుడు చెప్పి ఏం బావుకుంటాం?"

ఆయన మాట న్యాయంగానే ఉంది. వదిన కూడా ఒక గంటపాటు అలాగే అనుకుంది. కానీ చిరుగుపట్టిన బట్ట అన్న మాట ఆవిడ్ని వదల్లేదు. పనికిరానని తిప్పి పంపేశారనుకుంటూ ఆ పిల్లాడు రోజూ గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. వాళ్ళు తిప్పి పంపలేదు. కావాలన్నారు, నాలుగుసార్లు పిలిచారు. ఆ ఒక్క మాటైనా వాడికి దక్కాలి కదా! దక్కకుండా చేసే హక్కు తనకెక్కడిది? ఎంత ఆలోచించినా ఆవిడకి అదే సరైందనిపించింది. ఆసుపత్రి ఉత్తరాన్ని అచ్చు తీసి, నాలుగు మడతలు పెట్టుకుని మెట్లెక్కింది.

ఎండ ఇంకా కిటికీలో ఉంది. ఈలబాబు దిళ్ళకి ఆనుకుని గుడ్డలు మడతపెడుతున్నాడు. ఇంత పెందలాడే ఆవిడ పైకి రావడం చూసి కనుబొమ్మలెగరేశాడు.

"ఏంటి వదినా, షాపు మూసేశారా?"

"లేదు. ఉత్తరం..." చేతిలోని కాగితం వైపు చూసింది. "ఆసుపత్రి ఉత్తరం చూశాను."

చేతిలో గుడ్డ ఆగిపోయింది. "వచ్చిందా?"

"వచ్చింది. ఒరేయ్, ముందు నేను చెప్పేది పూర్తిగా..."

"తీసుకున్నారా నన్ను?"

అబద్ధం చెప్పలేదు ఆవిడ. చెప్పాలనుకున్న మాటే చెప్పింది. "తీసుకున్నారు."

ఆ ముఖం అలా విప్పారడం వదిన రెండేళ్ళుగా చూడలేదు. అతను దిండు మీంచి లేచి కూర్చున్నాడు. గొట్టం సాగి ముక్కు దగ్గర లాగినా పట్టించుకోలేదు. "నేను చెప్పలా! ఆరోజు గొట్టం ఊదినప్పుడు ఆ నర్సు ముఖం చూశా వదినా, నాకప్పుడే తెలుసు! అన్నయ్యా!" అని కేకెయ్యబోయి, ఊపిరందక దగ్గి, దగ్గుతూనే నవ్వాడు. "చదువు. చదువు ముందు. వాళ్ళేం రాశారో ఉన్నదున్నట్టు చదువు."

వదిన కాగితం విప్పింది. కింద తోకలో, అట్టడుగున, మొట్టమొదటి ఉత్తరం ఉంది. వేలు పెట్టి చదివింది. "మీ దరఖాస్తును, పరీక్షల ఫలితాలను పరిశీలించాం. ఈ చికిత్సకు మిమ్మల్ని ఎంపిక చేశామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం."

"సంతోషిస్తున్నాం అని రాశారా?"

"రాశారు."

"చూశావా!" చేతిగుడ్డల దొంతరని పక్కకి నెట్టేశాడు. "ఇక ఈ గుడ్డలు నీ మొగుణ్ణి మడతపెట్టుకోమను. రైల్లో ఆక్సిజన్ ఎలా తీసుకెళ్ళాలో కనుక్కోవాలి వదినా. చిన్న సిలిండర్ అద్దెకిస్తారట. నా నీలం చొక్కా ఎక్కడుంది? ఎప్పుడు రమ్మన్నారు?"

వదిన కాగితం వైపే చూస్తోంది. ఆ తేదీ అక్కడే ఉంది. కళ్ళెత్తే ధైర్యం లేదు.

"వదినా, ఎప్పుడు రమ్మన్నారు?"

చెప్పింది. ఆవిడ చెప్పిన తేదీ విని, తప్పు విన్నాననుకుని మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పింది. అతను గోడకున్న క్యాలెండర్ వైపు చూసి, ఆవిడ వైపు చూసి, చెయ్యి చాచాడు. వదిన కాగితం ఇచ్చింది. రెండు చెత్తబుట్టల సంగతి, పాప్ సంగతి, ఫోన్ సంగతి, అన్నీ చెప్తూనే ఉంది. నేలవైపు చూస్తూ, ఆగితే మళ్ళీ మాట రాదేమోనన్నట్టు చెప్పుకుపోయింది. అతను విన్నాడో లేదో తెలీదు. అడుగునుంచి పైకి, పైనుంచి అడుగుకి చదువుతున్నాడు. ఆక్సిజన్ మెషిన్ గుర్రుమంటోంది. మెట్ల మీద మొగుడి అడుగుల చప్పుడు సగందాకా వచ్చి ఆగిపోయింది.

"అయితే ఈపాటికి నాకు రెండో సూది పడి ఉండేది" అన్నాడు ఈలబాబు.

వదిన తల ఊపింది. అప్పుడొచ్చింది ఏడుపు. వస్తే ఆగలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అతను ఎప్పటిలా ఊరుకో వదినా అనలేదు. అనడానికి అతని దగ్గర ఊపిరి లేదో, మనసే లేదో. కాగితాన్ని ఆ పాత మడతల మీదే మడిచి, ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు కిటికీలోంచి చూశాడు. చిన్నప్పుడు లెక్కల్లో సున్నా వస్తే ఆ కాగితాన్ని ఆవిడ దాచేసింది. ఇప్పుడు ఈ కాగితం దాచివుంటే బావుండేదని వదినకి అప్పుడు తెలిసింది. దక్కాలనుకున్న ఒక్క మాటా నిమిషమే దక్కింది.

"నా బదులు ఎవర్నో తీసుకునే ఉంటారు కదా" అన్నాడు చివరికి.

"తీసుకున్నార్రా. రాశారు కదా."

"వాళ్ళకి మెయిల్ అందిందన్నమాట."

"అందింది" అంది వదిన.